ఊ కొట్టే మనిషి

"ఆపు. పిల్ల దారి తప్పింది," అని పెద్దమ్మ నా సినిమాను సగంలో ఆపించి తొమ్మిది రోజులైంది.

మూడేళ్ళు తీశాను దాన్ని. ఒక ముసలావిడ, ఒక కిటికీ, ఒక పాట. పొరుగింటి నుంచి నిప్పు తెస్తానని వెళ్ళి తిరిగి రాని అక్కను వెతుక్కుంటూ బయల్దేరిన పిల్ల కథ అది. దారి పాట అంటారు. అది వచ్చిన మనిషి ఇప్పుడు పెద్దమ్మ ఒక్కతే. ఆమె పాడుతున్నంతసేపూ పక్కన కూర్చుని ఊ కొట్టే చెల్లెలు, చిన్నమ్మ, షూటింగ్ అయిన రెండు నెలలకు పోయింది. సినిమా పూర్తవగానే ముందు పెద్దమ్మకే చూపించాలనిపించింది. మెచ్చుకుంటుందనుకున్నాను. ఆమె తెర మీద అరచెయ్యి అడ్డం పెట్టి ఆ మాట అంది.

అప్పటి నుంచి వేరే మాట అనలేదు. పాటలో ఒక్క చరణం తప్ప.

*

కింద పెద్దమ్మ కూతురి కుట్టు దుకాణం. పైన ఒకటే గది. ఆ మెట్లలో ఏది కిర్రుమంటుందో నాకు తెలుసు. రికార్డింగ్ జరిగేటప్పుడు దాని మీద ఎవరూ కాలు వెయ్యకూడదని కుట్టు సుద్దతో గుర్తు పెట్టింది నేనే. ఆ మధ్యాహ్నం కావాలనే దాని మీద కాలు వేశాను. దొంగలా రావడం లేదని ఎవరికో చెప్పుకోవాలనిపించింది.

"రండి డైరెక్టరు గారూ, రండి," అంది టేపక్క పైనుంచి.

పెద్దమ్మ కూతుర్ని నేనూ, మా సౌండ్ మనిషీ టేపక్క అంటాం. నిద్రలో కూడా మెడలో కొలత టేపు ఉంటుందని మా అనుమానం. మొన్నటి దాకా నేను ఆమెకు తమ్ముణ్ణి. గారు తగిలించేసరికే నాకు విషయం అర్థమైంది.

"ఎలా ఉందక్కా అమ్మకి?"

"నన్నడుగుతావేంటి? మా అమ్మ నీ సినిమాలోకి వెళ్ళింది. ఇంకా ఇంటికి రాలేదు."

పెద్దమ్మ కిటికీ దగ్గరుంది. మూడేళ్ళూ నేను కూర్చోబెట్టిన చోటే, నేను తిప్పమన్నంత మేరకే గడ్డం తిప్పుకుని, ఎడమ చెంప మీద వెలుగు పడేలా. ఈసారి ఎవరూ చెప్పలేదు. నా ఫ్రేములో తనంతట తానే వచ్చి కూర్చుంది.

దారి రెండుగ చీలిపోయె
పొద్దు పడమట వాలిపోయె
ఎటు పోనే, చెప్పవే నాతో,
ఎటు పోనే...

ఆగింది. పక్కకి చెవి ఒగ్గింది. పక్కన ఖాళీ పీట. ఒక శ్వాస, రెండు, మూడు. పెదవులు కదిలాయి. మళ్ళీ దారి రెండుగ చీలిపోయింది.

"పొద్దున్న లేచింది మొదలు ఇదే," అంది టేపక్క. "ముద్ద పెడితే నములుతుంది. మింగాక మళ్ళీ ఎటు పోనే. డాక్టరొచ్చి వయసన్నాడు. వయసు తొమ్మిది రోజుల్లో వచ్చిందా బాబూ అన్నాను. మాత్రలు రాసి చక్కా పోయాడు. ఒళ్ళు చూస్తే జాకెట్టు రెండు కుట్లు లోపలికి వెయ్యాల్సి వచ్చింది. నేను చేతులతో కొలిచి చెబుతున్నా, మా అమ్మ తగ్గిపోతోంది."

గోడ వైపు చూశాను. అక్కడ నేనిచ్చిన ఫొటో. కిటికీ పక్కన పెద్దమ్మ ఒక్కతే, కళ్ళు మూసుకుని, నోరు సగం తెరుచుకుని. నేను తీసినవాటిలో అంతకంటే మంచి ఫొటో లేదని చాలామంది అన్నారు. నేనూ నమ్మాను.

నా చూపు వెంటే టేపక్క చూపూ వెళ్ళింది. లేచి ఫొటో దగ్గర నిలబడి, ఎడమ మూల వేలు పెట్టింది.

"ఇదేంటి?"

"మోకాలు."

"ఎవరిది?"

"చిన్నమ్మది."

"మనిషిని తీసేసి మోకాలెందుకు ఉంచావు?"

జవాబు తెలుసు నాకు. ఆ మోకాలిని కూడా కోస్తే కిటికీ చట్రం తెగిపోతుంది. చట్రం కోసం ఉంచాను. అది పైకి చెప్పే మాట కాదు.

"మేం గుడ్డ కత్తిరించేటప్పుడు," అంది ఆమె, "కుట్టు కోసమని అంచు వెంట ఇంత వదుల్తాం. వేసుకున్నాక అది కనబడదు. కానీ అది లేకపోతే రెండు ముక్కలు కలవ్వు. నువ్వు కనబడనిదంతా కోసేశావు. సినిమాలో మా పిన్ని గొంతు ఒక్కసారైనా వినబడిందా?"

"చిన్నమ్మ పాడలేదు కదక్కా. ఊరికే ఊ కొట్టింది."

"ఊరికేనా?"

ఆమె నవ్వింది. కోపం కంటే ఆ నవ్వు గట్టిగా తగిలింది.

"నా చిన్నప్పుడు వీళ్ళిద్దరి మధ్య పడుకునేదాన్ని. పాటలో దారి చీలినప్పుడల్లా అమ్మ అడుగుతుంది, ఎటు పోనే అని. ఎవర్నడుగుతోంది అనుకున్నావు, కిటికీనా? పిన్ని పొట్టిగా ఊ అంటే, పిల్ల వాగు దాటాలి. సాగదీసి ఊఁ... అంటే గట్టెంట పోవాలి. ఊఁ? అని ప్రశ్నలా అంటే ఎదురొచ్చిన వాళ్ళని ఆపి అక్క ఆనవాలు అడగాలి. ఏ రోజు ఎటు పంపుతుందో పిన్నికే ఎరిక. రోజూ ఒకే దారైతే పాడ్డం ఎందుకు? పాట అమ్మది. దారి పిన్నిది."

పెద్దమ్మ ఆగింది. పీట వైపు చెవి ఒగ్గింది. మళ్ళీ మొదలెట్టింది.

నా సంచిలో ఒక నోటు పుస్తకం ఉంది. ఏ రోజు పెద్దమ్మ ఎక్కడ తడబడిందో అందులో ఎర్ర పెన్నుతో రాసుకున్నాను. 'ఇవాళ వాగు ముందొచ్చింది, తప్పు.' 'ఇవాళ వాగే లేదు, మరిచిపోయింది.' ముసలితనం కొద్దీ పాట చెదిరిపోతోందనుకుని, పదకొండు రోజుల రికార్డింగుల్లోంచి మంచి ముక్కలు ఏరి, అతికి, తప్పుల్లేని పాట తయారుచేశాను. మూడేళ్ళలో నేను గర్వపడిన పని అదొక్కటే. సోమవారం వాగులో దిగిన పిల్లను శుక్రవారం గట్టు మీద తేల్చాను. తడి ఆరిందో లేదో కూడా చూడలేదు.

"సినిమా చూస్తూ అమ్మ పిల్ల వెంట వెళ్ళింది," అంది టేపక్క. "మధ్యలో దారి లేదు. అక్కడే నిలబడిపోయింది. నాకు నీ అవార్డులూ, నీ క్షమాపణలూ ఏవీ వద్దు. మా అమ్మని ఎక్కడ వదిలేసి వచ్చావో, అక్కణ్ణించి తీసుకొచ్చి అప్పజెప్పు."

*

"ఊలన్నీ ఏం చేశావు?" అని అడిగాను మర్నాడు పొద్దున, ఎడిటింగ్ గదిలోకి అడుగు పెడుతూనే.

మా సౌండ్ మనిషిని చెవి అంటాం. పేరు పెట్టి పిలిస్తే తనే పలకడు. హెడ్‌ఫోన్ ఒక చెవి మీదనుంచి తీసి, నన్ను ఎగాదిగా చూశాడు.

"ఈగలు, మెట్లు, మిషను, ఆవిడ ఊఊలు, అన్నీ ఊడ్చెయ్ అన్నది ఎవరన్నా? నేనా?"

"నేనే. ఏం చేశావు?"

"ఊడ్చాను. పారెయ్యలేదు. మా ఇంట్లో కూడా ఇదే గొడవ. తెగిన చెప్పు కూడా దాస్తానని మా ఆవిడ ఏకరువు పెడుతుంది. ఇదిగో."

తెర మీద ఒక ఫోల్డరు. దాని పేరు 'తుక్కు'.

తెరిచాడు. పాట లేని ఇల్లు వినిపించింది. కత్తెర కిందపడింది. ఎవరో దగ్గారు. ఈగ ఒకటి మైకు మీద వాలి లేచింది. ఆ తర్వాత పెద్ద ఖాళీ, పాట ఉండాల్సిన ఖాళీ. దాని చివర, చాలా దగ్గరగా, ఊ.

మళ్ళీ ఖాళీ. ఊఁ...

ఒక మనిషి లేనిదానికి సమాధానం చెబుతోంది. మేమిద్దరం కదలకుండా విన్నాం. చెవి కుర్చీలో వెనక్కి జరిగాడు. "అన్నా, ఈవిడ మనల్నే అంటున్నట్టుంది," అన్నాడు నెమ్మదిగా. జోకు వేద్దామనుకున్నాడు, కుదరలేదు.

ఆ గొంతును నేనెందుకు అంత తేలిగ్గా చెత్త అనుకున్నానో అప్పుడు తెలిసింది. తెలియడం అంటే గుర్తురావడమే.

మా అమ్మ కూడా ఊ కొట్టేది. నాన్న ఇల్లు వదిలిపోయాక ఆమె గోడ వైపు చూస్తూ కూర్చునేది. నాకు ఏడేళ్ళు. బడిలో జరిగిందంతా చెప్పేవాణ్ణి. ఎవరు ఎవర్ని కొట్టారో, ఎవరి పలక పగిలిందో. ఊ అనేది. చివర కిందికి జారిపోయే ఊ. ఇంక దీని తర్వాత ఏమీ లేదన్నట్టు. ఒకరోజు పరీక్షిద్దామని, "అమ్మా, నేను చచ్చిపోయాను," అన్నాను. ఊ అంది.

ఆ తర్వాత నేను ఎవరికీ ఏదీ చెప్పలేదు. కెమెరా కొనుక్కున్నాను. కెమెరా ఊ కొట్టదు.

చిన్నమ్మ ఊ నాకు మొదటి రోజే చిరాకు తెప్పించింది. వినని మనిషి చేసే చప్పుడది అనుకున్నాను. ఆ ఇంట్లో, నేనూ నా మైకులూ కలిసి కూడా విననంతగా విన్నది ఆమె ఒక్కతే.

"అన్నిటికంటే ఎక్కువ దూరం పాడింది ఏ రోజు?" అన్నాను.

"చివరి రోజు. పద్దెనిమిది ఊలున్నాయి."

"విడివిడిగా కోసి, ఒక్కోటి ఒక్కో మీటకి పెట్టగలవా? ఆవిడ అడిగినప్పుడల్లా నువ్వు ఒకటి వదలాలి."

చెవి నా మొహంలోకి చూశాడు. "అంటే నేను చిన్నమ్మనా?"

"నీ వేలు."

"మా అమ్మ వింటే సంతోషిస్తుంది. కొడుకు ఎందుకూ పనికిరాడనుకునేది." అప్పటికే తెర వైపు తిరిగాడు. ఊ అన్నచోట తెర మీది శబ్దపు గీతలో అల లేస్తుంది. అల కనబడిన చోటల్లా ఇటొక గాటు, అటొక గాటు. పావుగంటలో పద్దెనిమిది ముక్కలు చేశాడు. "అలలు చూసి కోసేశాను. మళ్ళీ వినక్కర్లేదు. పద."

ఆ మాట అప్పుడు నా చెవిన పడింది కానీ, బుర్రకెక్కలేదు.

*

టేపక్క కింద మిషను ఆపించి, దుకాణానికి గొళ్ళెం పెట్టి పైకొచ్చింది. చెవి స్పీకరును చిన్నమ్మ పీట మీద పెట్టాడు. ఎత్తు చాలక కింద రెండు బట్టల కట్టలు దూర్చాడు. పెద్దమ్మ చెవికి చిన్నమ్మ నోరు ఎంత ఎత్తులో ఉండేదో మూడేళ్ళ మైకు లెక్కల్లో అతనికి గుర్తుంది.

నేను కెమెరా సంచి విప్పలేదు. నిజం చెప్పాలంటే విప్పబోయాను. టేపక్క చూసింది. జిప్పు మీదనుంచి చెయ్యి తీసేశాను.

ఎటు పోనే, చెప్పవే నాతో,
ఎటు పోనే...

చెవి మీట నొక్కాడు.

ఊ.

పెద్దమ్మ ఉలిక్కిపడలేదు. పీట వైపు తిరగనూ లేదు. పది రోజులుగా పైకి బిగుసుకుని ఉన్న భుజాలు రెండూ ఒక్కసారి దిగాయి, మోత దించుకున్నట్టు.

వాగులోన కాలు పెట్టె
చీర కుచ్చిళ్ళెత్తి పట్టె
నీళ్ళలోన నీడ చూసి
అక్క నీడని చెయ్యి పట్టె...

పిల్ల కదిలింది. టేపక్క నోటికి టేపు అడ్డం పెట్టుకుని మెట్టు మీద కూలబడింది. రెండో చీలిక దగ్గర సాగే ఊ. పెద్దమ్మ గట్టెక్కింది. మూడో చోట ప్రశ్న ఊ. మేకలు తోలే ముసలాడు ఎదురొచ్చాడు, అక్క ఆనవాలు చెప్పలేక గొడుగు ఊపుకుంటూ పోయాడు. నేను తప్పులని ఎర్ర పెన్నుతో రాసుకున్నవన్నీ ఒక్కొక్కటే వచ్చి తమ తమ చోట్లలో కూర్చున్నాయి. పెద్దమ్మ బుగ్గల్లోకి రంగొచ్చింది. ఒకచోట చెవి వేలు ఆలస్యమైతే, పీట వైపు చెయ్యి చాపి, "నిద్రపోయావా ఏంటే," అన్నట్టు గాలిలోనే చిన్నగా తట్టింది.

పది. పదమూడు. పదిహేడు.

ఎటు పోనే, చెప్పవే నాతో,
ఎటు పోనే...

పద్దెనిమిదో మీట.

ముందు గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు. చిన్నమ్మ ఊపిరి, ఊ అనబోయే ముందుది. ఆ తర్వాత ఒక మగ గొంతు, విసుగ్గా:

"చాలు పెద్దమ్మా. వెలుగు పోయింది. కట్."

నా గొంతు.

చెవి మీట మీదనుంచి వేలు లాక్కున్నాడు. అల చూసి కోశాడు. అల లేచింది నిజమే, అది ఎవరిదో విననే లేదు. ఆ సాయంత్రం నాకు గుర్తొచ్చింది. కిటికీలో వెలుగు తగ్గింది, పెద్దమ్మ ఎటో పోతోందనుకున్నాను, కెమెరా ఆపేశాను. చిన్నమ్మ నోరు తెరిచి, నావైపు చూసి, మూసుకుంది. పెద్దమ్మ లేచి వెళ్ళి దీపం వేసింది. ఆ పాట అక్కడే ఉండిపోయింది. రెండు నెలలకు చిన్నమ్మ పోయింది, ఆ ఊ కూడా తనతోనే పోయింది.

పెద్దమ్మ పీట వైపు నుంచి మొహం తిప్పింది. గొంతు ఎక్కడిదో ఆమె గుర్తుపట్టింది. కళ్ళు తెరిచి నన్నే చూస్తూ, పాటలా కాకుండా, ఇంట్లో మనిషిని అడిగినట్టు అడిగింది.

"ఎటు పోనే?"

"పొట్టిది అనన్నా," అని చెవి గొణిగాడు. "పొట్టిది. వాగు."

టేపక్క రెండు చేతులూ చాపి సాగదీసి చూపించింది. గట్టు, గట్టు.

పెద్దమ్మ నా మణికట్టు పట్టుకుంది. చెయ్యి తేలిగ్గా, వేడిగా ఉంది. ఆమె భుజాలు మళ్ళీ మెల్లగా పైకి బిగుసుకోవడం చూశాను. ఇంకో క్షణం ఆగితే దారి మళ్ళీ రెండుగా చీలిపోతుంది, ఇంక ఎప్పటికీ చీలుతూనే ఉంటుంది. నోరు తెరిచాను. పొట్టిదే అందామనుకున్నాను. నా జీవితంలో ఎవరికీ ఊ కొట్టలేదు. ఎలా కొట్టాలో గొంతుకి తెలిసింది ఒక్కటే రకం.

ఊ.

చివర కిందికి జారిపోయింది. మా అమ్మది.

పెద్దమ్మ కనుబొమలు పైకి లేచాయి.

"అటా?" అంది. పది రోజుల్లో ఆమె నోట పాట కాని మాట అదే మొదలు.

"ఏం పెద్దమ్మా, అటు దారి లేదా?"

"లేకేం? మా చెల్లి ఒక్కసారి కూడా అటు పంపలేదు." ఆమె మొహంలో అల్లరి లాంటిదేదో మెరిసింది. నేను తీసిన ఏ ఫొటోలోనూ లేని మొహం. "అటు పోతే అక్క దొరుకుతుంది."

"మంచిదే కదమ్మా," అంది టేపక్క, ఏడుపులోంచి నవ్వుతూ. "దొరకనీ."

"దొరికితే పాట అయిపోతుందే పిచ్చిదానా. అయిపోయాక ఇంకెవరి కోసం కూర్చుంటాం? అందుకే అది నన్ను అటూ ఇటూ తిప్పేది. ఎన్నేళ్ళు తిప్పిందో. కాళ్ళు లాగేస్తున్నాయే అంటే, ఊఁ? అనేది దొంగమొహంది." ఖాళీ పీట వైపు ఒకసారి చూసి, గోడకు జేరబడింది. "పోనీలే. ఈ పిల్లాడు పంపాడుగా."

టేపక్క నవ్వు ఆగిపోయింది. అప్పటికే కళ్ళు మూసుకున్న తల్లి మొహం వైపూ, నా మణికట్టు మీది ఆ వేళ్ళ వైపూ చూసింది. ఒక్క అంగలో వచ్చి నా భుజం పట్టుకుంది.

"ఊహూఁ అను, తమ్ముడూ. వద్దను. పాట అయిపోతే అమ్మ ఇంక తిరిగి రాదు. ఊహూఁ అను!"

నా నోట్లో ఉంది ఆ మాట. అనాలి. కానీ ఆమె చెల్లెలు కూడా విననిది, ఎవరూ వినని పాట అంచున కూర్చున్నాను. వినాలని ఉంది. ఆ ఆశ ఎంత పెద్దదో ఆ క్షణంలో చూసి నాకే భయమేసింది.

పెద్దమ్మ గొంతెత్తింది. మూడేళ్ళలో నేను ఎరగని వరస. పిల్ల ఒక్కతే చీకటి వాకిట్లోకి అడుగు పెట్టింది. లోపలెక్కడో నిప్పు రాజుకుని ఉంది. ఎవరో దాని ముందు, వీపు ఇటు పెట్టి కూర్చుని ఉన్నారు.

చరణం చివర పెద్దమ్మ ఆగింది. నా వైపు చెవి ఒగ్గి, ఊ కోసం చూసింది.